చొక్కా మీద ఊరి చరిత్ర

ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వే ఏలుబడిలోని స్వాల్బార్డ్ దీవులలో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న లాంగియర్‌బ్యెన్ పట్టణం, 1906లో జాన్ మన్రో లాంగియర్ అనే అమెరికన్ వ్యాపారి బొగ్గు తవ్వకానికి వేయించిన మకాం నుంచి పెరిగింది. అక్కడి చివరి నార్వే గని 2025లో మూతపడగా, ఇప్పుడు ఊరికి పర్యాటకం ముఖ్యమైన జీవనాధారాలలో ఒకటి. ఇటువంటి మారుమూల పట్టణాల పేరును, పుట్టిన సంవత్సరాన్ని, గని పనిముట్టునో ధ్రువపు ఎలుగుబంటినో వెలిసిన రంగులలో ముద్రించిన టీషర్టును సందర్శకులు జ్ఞాపికగా కొనుక్కుంటారు.

కొత్త గుడ్డకు ఆ పాతదనం అచ్చువేసే పద్ధతి వల్లనే వస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో చట్రానికి బిగించిన సన్నని వలగుడ్డపై బొమ్మ లేని చోట్ల రంధ్రాలు మూసి, రబ్బరు పట్టీతో రంగును లాగుతారు. బొమ్మలోనే ముందుగా గీతలు, చుక్కలు ఖాళీగా వదిలితే, ఏళ్ల తరబడి ఉతికి బీటలు వారిన అచ్చులా కనిపిస్తుంది. ముదురు గుడ్డపై రంగు పూయడానికి బదులు, గుడ్డకున్న రంగునే రసాయనంతో తొలగించి బొమ్మ తేల్చడాన్ని డిశ్చార్జ్ ప్రింటింగ్ అంటారు. దీనిలో చేతికి తగిలే రంగుపొర ఏర్పడదు కనుక బట్ట మెత్తగా ఉంటుంది.

తెలుగు నేలపై ఊరి పేరును బట్ట మోయడం కొత్త కాదు గాని, ఇక్కడ ఊరు బొమ్మలో కాక పనితనంలోనే కనిపించేది. 1611లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం వెలిసిన మచిలీపట్నం నుంచి ఓడలెక్కిన అద్దకపు గుడ్డలకు దూరదేశాలలో ఆ రేవు పేరే గుర్తు. పాలు, కరక్కాయ కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టిన నూలు గుడ్డపై, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రవాన్ని చెక్క అచ్చుతో అద్దితే నలుపు పడుతుంది. పటిక అద్దిన చోట్ల మాత్రమే ఎరుపు నిలుస్తుంది. ఆ రేవుకు దగ్గరి పెడనలో నేటికీ సాగుతున్న ఈ కలంకారీ వంటి పనులకు, 1999లో చట్టమై 2003లో అమలులోకి వచ్చిన భౌగోళిక గుర్తింపు రక్షణనిస్తుంది. అంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారైన వస్తువే ఆ పేరు పెట్టుకోవాలి.

టీషర్టుకు అటువంటి కట్టుబాటు లేదు; లాంగియర్‌బ్యెన్ పేరున్నదాన్నయినా, చార్మినార్ బొమ్మ ఉన్నదాన్నయినా ఎక్కడో ఒక కర్మాగారంలో అచ్చువేయవచ్చు. కనుక దాని విలువ దానిపై చెప్పిన విషయపు నిజం మీదనే ఆధారపడుతుంది. హైదరాబాద్‌లోని బర్కత్‌పుర పరిసరాల వారసత్వాన్ని ఎవరైనా చొక్కాపై చూపదలిస్తే, నగరమంతటికీ చెందిన చార్మినార్‌ను మళ్లీ అచ్చువేయనక్కర లేదు. 1928లో మాడపాటి హనుమంతరావు నెలకొల్పిన తెలుగు బాలికల పాఠశాల నారాయణగూడలో ఉంది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమనే గ్రంథాలయం కొద్ది దూరంలోని సుల్తాన్‌బజార్‌లో ఉంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. నిజాం పాలనలో తెలుగు చదువుకు, పుస్తకానికి చోటు వెతికిన తరం శ్రమ 1901, 1928 అనే ఆ రెండు సంవత్సరాల వెనుక ఉన్నది కనుక, అవి అలంకారపు అంకెలు కావు. వెలిసిన రంగును ఏ ముద్రణాలయమైనా ఒక్క పూటలో తెప్పించగలదు. బొమ్మ కింద వేసే సంవత్సరాన్ని మాత్రం ఊరే సంపాదించుకోవాలి.