రాత్రివేళ పొరుగింటి చప్పుడు

అనకాపల్లిలో పగటివేళ చప్పుళ్లకు కొదువ లేదు. మార్కెట్టుకు బెల్లపు దిమ్మలు తెచ్చు బండ్లు, రహదారిపై పోవు లారీలు, చెన్నై–హౌరా మార్గమున నడచు రైళ్లు, వీధిలో కూరగాయలమ్ముకొనువారి కేకలు, ఇవన్నియు కలిసి ఒకే రొదగా చెవిని పడుచుండును. వానిలో ఏ ఒక్కదానిని మనము ప్రత్యేకముగ గమనింపము. రాత్రి పది దాటిన పిమ్మట ఊరు సద్దుమణుగును. అప్పుడు గోడకు ఆవల నున్న ఇంటిలో చెంబు క్రింద పడినను ఉలికిపడి లేచి కూర్చుందుము.

కొన్నేండ్ల క్రిందట మేము అద్దెకున్న ఇంటిలో జరిగిన సంగతి ఇది. ప్రక్క వాటాలోని కుటుంబమువారు ఉదయము బండిమీద ఇడ్లీ, దోసె అమ్ముకొని జీవించెడివారు. మరునాటి పిండికై రాత్రి పదిన్నరకు గ్రైండరు వేసెడివారు. మా యింటిలో నా మేనల్లుడు పదవ తరగతి పరీక్షలకు చదువుచుండెను. పది దినములు ఓర్చుకొని, ఒకనాడు వెళ్లి ఆ ఇంటి ఇల్లాలితో చెప్పితిని. "పగలూ ఇదే గ్రైండరండి మాస్టారూ. అప్పుడు మీరేటీ అనలేదు కదా. రాత్రికి వేరే చప్పుడు చేస్తాదా?" అని ఆమె అడిగినది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. మా యింట నిద్ర పట్టుటలేదన్న మాటయు నిజమే. ఒకే యంత్రమును గూర్చి ఇద్దరి మాటయు నిజమగుట ఎట్లు? దీనికి సమాధానము ధ్వని శాస్త్రములో నున్నది. అది తెలిసినచో అనేక గృహములలో జరుగు తగవులకు పరిష్కారము కూడ దొరకును.

డెసిబెల్ లెక్క

ధ్వని యనగా గాలిలోని ఒత్తిడి హెచ్చుతగ్గుల తరంగము. అది గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణించును. మన చెవి గ్రహింపగల మిక్కిలి మందమైన ధ్వని తీవ్రతకును, చెవికి నొప్పి కలిగించు ధ్వని తీవ్రతకును నడుమ సుమారు లక్ష కోట్ల రెట్ల భేదము కలదు. ఇంత పెద్ద సంఖ్యలతో లెక్కించుట కష్టము కనుక శాస్త్రజ్ఞులు సంవర్గమాన పద్ధతి ననుసరించు కొలత నేర్పరచిరి. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ పేరున దీనికి 'బెల్' అని పేరు వచ్చినది. అందులో పదవ వంతు డెసిబెల్.

ఈ కొలతలో రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. 10 డెసిబెల్లు పెరిగినచో ధ్వని తీవ్రత 10 రెట్లగును. 20 పెరిగినచో 100 రెట్లు. 30 పెరిగినచో 1,000 రెట్లు. కాని మన చెవికి మాత్రము ప్రతి 10 డెసిబెల్లకు చప్పుడు సుమారు రెట్టింపైనట్లే తోచును. రెండవది, డెసిబెల్లను మామూలు అంకెలవలె కూడరాదు. ఒక గ్రైండరు 60 డెసిబెల్ల ధ్వని చేసినచో, అటువంటివి రెండు కలిసి 120 చేయవు. 63 మాత్రమే చేయును.

రాత్రి చేయు మార్పు

ఇప్పుడు మా గ్రైండరు సమస్యను లెక్కలో పెట్టి చూతము. ప్రక్కయింటి గ్రైండరు ధ్వని మా గదిలోనికి 45 డెసిబెల్లుగా వచ్చుచున్నదనుకొందము. పగటివేళ వీధి రొద 55 డెసిబెల్లున్నచో, రెండును కలిసి 55.4 డెసిబెల్లగును. ఈ స్వల్ప భేదమును చెవి పట్టలేదు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని కప్పివేసినది. రాత్రి వీధి రొద 30 డెసిబెల్లకు తగ్గును. గ్రైండరు వేయగానే అది ఒక్కసారిగా 45కు లేచును. ఈ 15 డెసిబెల్ల పెరుగుదల చెవికి దాదాపు మూడు రెట్లు హెచ్చిన చప్పుడుగ తోచును.

గ్రైండరు మారలేదు, దానిని కప్పియుంచిన పగటి రొద తొలగినది. కనుక ఆ ఇల్లాలి మాటయు నిజమే, మా మాటయు నిజమే.

రాత్రివేళ గాలియే ధ్వనిని ఎక్కువగ మోయునని కొందరందురు. ఇది దూరపు ధ్వనుల విషయములో సత్యము. వేడిగాలిలో ధ్వని వేగము ఎక్కువ. పగలు నేల ప్రక్కనున్న గాలి వేడిగను, పైగాలి చల్లగను ఉండుటచే ధ్వని తరంగములు పైకి వంగిపోవును. నిర్మలమైన రాత్రులలో నేల త్వరగా చల్లబడును; అప్పుడు తరంగములు నేలవైపునకు వంగును. అందుచేతనే స్టేషనుకు దూరముగ నున్న ఇండ్లవారికి కూడ రాత్రి రైలుకూత స్పష్టముగ వినవచ్చును. కాని పొరుగింటికిని మన ఇంటికిని నడుమ నుండునది కొలది మీటర్లే. ఇంత దగ్గరలో ఈ వక్రీభవనమునకు పాత్ర లేదు.

చప్పుడు వచ్చు రెండు దారులు

పొరుగింటి చప్పుడు మనలను చేరుటకు రెండు దారులు కలవు. ఒకటి గాలి దారి. మాటలు, టెలివిజను, పాటలు, పసిబిడ్డ ఏడుపు ఈ దారిని వచ్చును. రెండవది గోడ దారి. గ్రైండరు, మిక్సీ, నీళ్ల మోటారు, రోకటి పోటు, కుర్చీ ఈడ్చుట, తలుపు దభాలున వేయుట, ఇవి నేలను, గోడను కంపింపజేయును. ఆ కంపనము ఇటుకలగుండ ప్రాకి, మన గదిలోని గోడను పెద్ద తబలావలె మోగించును.

గాలి దారిని ఆపునది బరువు. గోడ బరువు రెట్టింపైనచో అది ఆపు శక్తి సుమారు 5 లేక 6 డెసిబెల్లు పెరుగును. రెండువైపుల గిలాబా చేసిన 9 అంగుళముల ఇటుకగోడ సుమారు 50 డెసిబెల్లను ఆపగలదు. అనగా దానిపై పడిన ధ్వనిశక్తిలో లక్షవ వంతు మాత్రమే ఆవలకు పోవును.

ఇంత గట్టి గోడ యున్నను మాటలు వినబడుచున్నవనిన, ఎచ్చటనో సందు ఉన్నదని అర్థము. 10 చదరపు మీటర్ల గోడలో గొట్టము కొరకు 10 సెంటీమీటర్ల పొడవు, వెడల్పుగల ఒక రంధ్రము చేసి వదలినారనుకొనుడు. ఆ రంధ్రము గోడలో వెయ్యవ వంతు. దానిపై పడిన ధ్వని యంతయు ఆవలకు పోవును. గోడ మొత్తము నుండి వచ్చుదానికంటె ఈ చిన్న రంధ్రమునుండి వచ్చునది 100 రెట్లెక్కువ. 50 డెసిబెల్లు ఆపవలసిన గోడ 30 మాత్రమే ఆపును. నడిమి గోడ పెంకుల వరకు లేవని పాత పెంకుటిండ్లలో ఒక ఇంటి గుసగుస మరొక ఇంట వినబడుటకు కారణమిదే. వేసవి రాత్రులలో ఒకే సందువైపు తెరచిన రెండిండ్ల కిటికీలు కూడ ఇట్టి రంధ్రములే.

దారిని బట్టి మందు

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలెను. గోడకు తెరలు, కోడిగ్రుడ్ల అట్టలు తగిలించినచో పొరుగింటి చప్పుడు ఆగునని పలువురు నమ్ముదురు. ఇందులోని నిజానిజములు వాలెస్ క్లెమెంట్ సాబిన్ చేసిన పరిశోధనను బట్టి తెలియును.

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో ఒక క్రొత్త ఉపన్యాసశాల పనికిరాకపోయెను. అందు పలికిన మాట ఐదున్నర సెకనుల వరకు మారుమ్రోగుచు తరువాతి మాటలను చెడగొట్టెడిది. దానిని సరిచేయు పని యువ అధ్యాపకుడైన సాబిన్‌కు అప్పగించిరి. వీధి రొద అడ్డు రాకుండుటకై ఆయన నడిరేయి దాటిన పిమ్మట ప్రయోగములు చేసెడివాడు. దగ్గరలోని నాటకశాలనుండి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కొక్కటిగ పరచి, ఆర్గాన్ గొట్టము మ్రోగించి, ధ్వని అణగుటకు పట్టిన కాలమును కొలిచి, తెల్లవారులోపల మెత్తలను తిరిగి చేర్చెడివాడు. మెత్తని వస్తువులు ధ్వనిని శోషించి గదిలోని ప్రతినాదమును తగ్గించునని, ఎంత తగ్గించునో లెక్కకట్టవచ్చునని ఆయన నిరూపించెను.

అయితే ఆ మెత్తలు తగ్గించినది గదిలో పుట్టిన ధ్వని మారుమ్రోతను. ఆవలి గదిలోని ధ్వనిని ఈవలకు రాకుండ ఆపుటకు తేలికైన గుడ్డయు, అట్టయు చాలవు. దానికి బరువు కావలెను, సందులు మూయవలెను. సిమెంటుతో రంధ్రములు పూడ్చుట, తలుపుల అంచులకు రబ్బరు పట్టీ వేయుట, గోడ ప్రక్క నిండైన పుస్తకముల బీరువా నుంచుట గాలి దారికి మందు.

గోడ దారికి మందు వేరు. యంత్రమును ఉమ్మడి గోడకు తగులకుండ జరిపి, దాని క్రింద మెత్తని రబ్బరు ముక్కలుంచవలెను. ఉయ్యాలను దాని సహజమైన ఊపుతో కలిసివచ్చునట్లు నెట్టినచో అది హెచ్చుగ ఊగును. దానికంటె ఎంతో వేగముగ నెట్టినచో ఊగదు. రబ్బరుపై నిలచిన గ్రైండరును కూడ ఇట్టి ఉయ్యాలగ భావింపవచ్చును. నిమిషమునకు సుమారు 1,400 చుట్లు తిరుగు మోటారు సెకనుకు 23 సార్లు దానిని నెట్టును. రబ్బరు చాలినంత మెత్తనిదై, దానిపై యంత్రము ఊగు సహజ పౌనఃపున్యము 23 కంటె బాగుగ తక్కువైనచో, కంపనము నేలకు దిగదు. రెండును సమీపించినచో అనునాదము కలిగి చప్పుడు హెచ్చును. కనుక గట్టి రబ్బరు వేసి ఫలితము లేదని నిరాశ పడరాదు. మెత్తనిదానిని వేసి చూడవలెను. కాని యంత్రము ఒరగిపోవునంత మెత్తదనము కూడదు.

విద్యార్థులకు ఒక ప్రయోగము

ఈ రెండు దారులను తరగతిలోనే చూపవచ్చును. చేతి ఫోనులో కంపనము మాత్రము వచ్చునట్లు అలారము పెట్టి కొయ్యబల్లపై నుంచుడు. బల్ల యంతయు మ్రోగును. నాలుగు మడతలు పెట్టిన తువ్వాలుపై నుంచుడు. చప్పుడు దాదాపు మాయమగును. ఇది గోడ దారి.

ఇప్పుడు కంపనము తీసివేసి అలారము గంట మ్రోగించుడు. బల్లపై నున్నను, తువ్వాలుపై నున్నను గంటలో పెద్ద భేదముండదు. ఇది గాలి దారి. అదే ఫోనును తువ్వాలుతో సహా మూతగల స్టీలు డబ్బాలో పెట్టుడు. మూత బిగించినచో గంట అణగును. మూతను ఒక వ్రేలి మందము తెరచినచో మరల పైకి లేచును. ఒక్క సందు ఎంత పని చేయునో విద్యార్థులు దీనివలన ఎన్నటికిని మరువరు.

నిద్రయు, చట్టమును

కన్నులకు రెప్పలున్నవి, చెవులకు లేవు. నిద్రలో కూడ చెవి పని చేయుచునే యుండును. మనిషి మేల్కొనకున్నను చప్పుడుకు గుండె వేగము పెరుగుట, గాఢనిద్ర తేలికయగుట జరుగును. పడకగదిలో రాత్రి సగటు ధ్వని 30 డెసిబెల్లు, విడి చప్పుళ్లు 45 డెసిబెల్లు మించకుండుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది.

మన దేశములో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి యనగా 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు. నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. హద్దును 10 డెసిబెల్లు లేక అంతకుమించి దాటినచో అధికారులకు ఫిర్యాదు చేయవచ్చును. ఇట్టి అధికారులలో జిల్లా మేజిస్ట్రేటు, డిప్యూటీ సూపరింటెండెంటు హోదాకు తగ్గని పోలీసు అధికారులు ఉందురు.

కాని ఈ హద్దు సగటు కొలత. 8 గంటల రాత్రిలో ఒక్క గంట 53 డెసిబెల్ల గ్రైండరు తిరిగి, తక్కిన 7 గంటలు నిశ్శబ్దముగ నున్నచో సగటు 44 మాత్రమే. చట్టము అతిక్రమింపబడలేదు, నిద్ర మాత్రము చెడినది. హద్దు మీరి లౌడుస్పీకరు మ్రోగించువారికి చట్టము అవసరమే. బ్రతుకుతెరువుకై పిండి రుబ్బుకొనువారి విషయములో ముందుగ కావలసినది చప్పుడు వచ్చు దారిని కనుగొనుట.

మేమును అట్లే చేసితిమి. మరునాడు మేనల్లుడు ఉమ్మడి గోడకు చెవి ఆనించి, పిమ్మట కిటికీవద్ద నిలిచి విని, చప్పుడు గోడనుండి వచ్చుచున్నదని తేల్చెను. గ్రైండరు గోడకు ఆనియుండెను. దానిని రెండడుగులు జరిపి, నాలుగు మెత్తని రబ్బరు ముక్కలు క్రింద నుంచితిమి. వారు అరగంట ముందుగ పిండి వేయుటకు ఒప్పుకొనిరి. గ్రైండరు పూర్తిగ మూగపోలేదు. కాని పిల్లవాని చదువును, నిద్రను చెడగొట్టుట మానినది.

పని ముగిసిన పిమ్మట ఆ ఇల్లాలు సంకోచపడుచు ఒక మాట చెప్పినది. తాము తెల్లవారుజామున నాలుగింటికి లేవవలసినవారము. మా పిల్లవాడు పన్నెండింటికి చదువు ముగించి కుర్చీ ఈడ్చినప్పుడెల్ల ఇంటిల్లపాదికి మెలకువ వచ్చుచున్నదట. ఆ సంగతి మా కెన్నడును తోచలేదు. కుర్చీ ఈడ్చువానికి అది క్షణకాలపు చప్పుడు; గోడ ఆవలివారికి తెగిపోయిన నిద్ర. ఆ సాయంత్రమే కుర్చీ కాళ్లకు నాలుగు రబ్బరు తొడుగులు తెచ్చి వేసితిమి.