సెకండ్‌హ్యాండు కారు కొంటున్నారా?

అబ్బాయి ఉద్యోగంలో చేరాడు. “అమ్మా, జోరుగా పరుగెత్తే కారు కావాలే” అంటాడు. ఇంట్లో ఉన్నదేమో చీటీ పాడిన డబ్బు! కొత్తది అందదు కనుక సెకండ్‌హ్యాండుదే దిక్కు. తప్పేం లేదు. వంకాయలు ఏరినట్టే దీన్నీ ఏరుకోవాలి, అంతే.

ఉన్న డబ్బంతా కారుకే పోయకండి. అయిదో వంతు పక్కన పెట్టండి. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు వెంటనే ఖర్చు అడుగుతాయి. 2022లో మన దేశంలో తయారీ ఆగిపోయిన పోలోలో జీటీ టీఎస్ఐ రకం పరుగులో దిట్టే. కాని దాని ఆటోమేటిక్ గేర్‌బాక్సు చెడితే రిపేరు లక్ష దాటవచ్చు. స్విఫ్టుకు అంత జోరు లేకపోయినా, విడిభాగాలు చిన్న ఊళ్ళలో కూడా దొరుకుతాయి.

కారు చూడడానికి పొద్దున్నే వెళ్ళండి. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించండి. నీలంపొగ వస్తే ఆయిలు తాగుతోందన్నమాట. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆర్‌.సి.లో బ్యాంకు అప్పు ఉందేమో, చలానాలు మిగిలాయేమో కనుక్కోండి. నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకోండి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. లేకపోతే బండికి దెబ్బ తగిలిననాడు క్లెయిము నిరాకరించవచ్చు.

చివరగా బ్రేకులు మరోసారి చూపించండి. కారు ఎంత జోరుగా వెళ్ళినా, పిల్లవాడు క్షేమంగా ఇంటికి రావాలి కదూ!