బొమ్మల కథలో కంటికి దారి

రండర్రా, ఇలా అరుగు మీద కూచోండి. ఆ బొమ్మల పుస్తకం ఇటియ్యి నానా.

ముందు మీరంతా చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. ఒక్క చూపులో మన కంటికి బాగా తేటగా కనబడేది ఇంచుమించు ఆ గోరంత మేరే. చుట్టూ ఉన్నదంతా మసకే. అందుకే కన్ను ఒకచోట నిలవదు, సెకనుకి మూడుసార్లయినా గెంతుతుంది. మరి పేజీ నిండా బొమ్మలుంటే ముందు ఎటు గెంతాలి? ఆ దారి వేసేవాడే చిత్రకారుడు.

మన పొందూరు ఖద్దరు కొట్లో తెల్లచీరల దొంతరలో ఎర్రంచు చీర ఒక్కటుందనుకోండి, చూపు దాని మీదే పడుతుంది కదా! చుట్టూ తెలుపు ఉండబట్టే ఎరుపుకి ఆ బలం. కామిక్సులోనూ అంతే. అడవంతా ముదురు పచ్చ పూసి, వీరుడి పంచెకి మాత్రం పసుపు వేస్తారు. 1967లో అనంత్ పాయ్ గారు మొదలెట్టిన అమర్ చిత్ర కథలో కృష్ణుడు గోపబాలుల గుంపులో ఎక్కడున్నా, ఆ నీలం ఒళ్లు చూసి చదువు రాని పిల్లడైనా పట్టేస్తాడు. మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు చందమామ పత్రికకి ముఖచిత్రాలు వేసేవారు. అక్కడ కామిక్సు పేజీలోలా బొమ్మకో గడి ఉండదు, ఉన్నది ఒకటే బొమ్మ. రంగులతోనే కథంతా చెప్పాలి.

గళ్ల సంగతికొస్తే, పెద్ద గడి దగ్గర కన్ను ఆగి నాలుగు మూలలూ తిరిగి చూస్తుంది. ఇరుకు గళ్లు వరసగా పేరిస్తే చకచకా దాటేస్తుంది. కొండ మీద కోటకి పెద్ద గడి, కత్తియుద్ధానికి చిన్న గళ్లు అందుకే. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి గళ్లూ అలాగే నడుస్తాయి. మాంగా అనే జపాను వాళ్ల కామిక్సు మాత్రం కుడి నుంచి ఎడమకి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది గడికీ గడికీ మధ్య తెల్లటి సందు. ఈ గడిలో పిల్లడు మామిడికాయకి చెయ్యి చాపాడు. పక్క గడిలో మూతినిండా రసం. కాయ ఎప్పుడు కోశాడు, ఎప్పుడు కొరికాడు? ఎవరూ గీయలేదు, మీ బుర్రే గీసుకుంది! చదివేవాడి తెలివి మీద అంత నమ్మకం పెట్టుకుని వదిలిన చోటర్రా అది.

ఇప్పుడు కళ్లు సగం మూసి ఈ పేజీ చూడండి. గీతలు మాసిపోయి రంగులే మిగులుతాయి. ముందు ఏది కనబడిందో ఒక్కొక్కరే చెప్పండి. చిన్నోడా, నువ్వు మొదలెట్టు.