మాడిన నూనెకు మరో జన్మ!

ఆదివారం సాయంత్రం. ఇంట్లో మిరపకాయ బజ్జీల ఘుమఘుమలు. క్షణాల్లో ప్లేటు ఖాళీ అయిపోతుంది. మూకుడులో మాత్రం నల్లబడ్డ నూనె మిగిలిపోతుంది. దాన్నేం చేయాలి? మళ్లీ మళ్లీ కాచి వాడితే ఒంటికి చేటు. సింకులో పారబోస్తే గొట్టాలకి చేటు. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ దగ్గర మురుగు కాలువలో పేరుకున్న కొవ్వుగడ్డ ఎంతో తెలుసా? పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు!

మనం వద్దనుకునే ఆ కొవ్వునే ఇష్టంగా తినే జీవి ఒకటుంది. అది కంటికి కనిపించని ఓ ఈస్ట్. పేరు యారోవియా లిపోలిటికా.

కొవ్వే దాని కూడు

బ్రెడ్డును పొంగించే ఈస్ట్‌కి చక్కెరంటే ఇష్టం. యారోవియాకి నూనెన్నా ఇష్టమే. లైపేజ్ అనే ఎంజైమును బయటికి వదిలి కొవ్వును ముక్కలు చేస్తుంది. వాటిని లోపలికి పీల్చుకుని పెరుగుతుంది. శాస్త్రవేత్తలు ఇక్కడే ఓ చిట్కా వేస్తారు. తిండి దండిగా పెట్టి, నత్రజని తగ్గిస్తారు. దాంతో ఈస్ట్ ఇక పెరగలేదు. మిగులు తిండిని సిట్రిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపిస్తుంది. అదేనండీ, మన వంటింటి నిమ్మ ఉప్పు!

అంతేనా... ఆముదం ఇస్తే పీచ్ పండు పరిమళం తయారుచేస్తుంది. పాలమూరు, నల్గొండ మెట్టచేలల్లో పండే ఆముదంలో రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. ఈస్ట్ దాని పొడవాటి గొలుసును కత్తిరించుకుంటూ వెళ్లి గామా డెకాలాక్టోన్‌గా మారుస్తుంది. మిఠాయిలకు, పానీయాలకు పీచ్ రుచినిచ్చేది అదే. ఆముదం వ్యర్థమేమీ కాదు. కానీ చవకైన కొవ్వును ఖరీదైన సరుకుగా మార్చే కిటుకు మాత్రం ఇదే.

తేనెలో దొరికిన ‘సబ్బు’

స్టార్మెరెల్లా బాంబికోలా అనే మరో ఈస్ట్‌ను తుమ్మెద జాతి ఈగల తేనెలో గుర్తించారు. చక్కెరా నూనే కలిపి పెడితే, ఇది సబ్బులా మురికిని వదలగొట్టే సోఫరోలిపిడ్లను ఇస్తుంది. వాటితో గిన్నెలు తోమే ద్రవాలు ఇప్పటికే వచ్చాయి. వేపుళ్లకు వాడేసిన నూనెతోనూ వీటిని తయారుచేయొచ్చని ప్రయోగశాలల్లో తేలింది. అంటే, మూకుడును జిడ్డు చేసిన నూనే ఆ జిడ్డును కడిగే సరుకు కాగలదన్నమాట!

మరి చిక్కెక్కడ?

ఇంత మేలైన పద్ధతి ఊరూరా ఎందుకు లేదు? ఒకటి... ఖర్చు. పెద్ద ట్యాంకుల్లో నిరంతరం గాలి ఊదాలి, నూనెను నీటిలో చెదరగొట్టాలి. చివర్లో సరుకును శుద్ధి చేయాలి. రెండోది... వాడిన నూనె ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దాంతో తీసినదాన్ని ఆహారంలో కలపాలంటే భద్రతను రుజువు చేయాలి. అందుకే తినేవాటికన్నా తోమేవాటికి వాడుకోవడం తేలిక.

మూడోది మన చేతుల్లో ఉన్నదే... నూనెను సేకరించడం. కాగేకొద్దీ నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడకూడదని 2018 జులై నుంచి మన దేశంలో నిబంధన ఉంది. అదే ఏడాది ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ‘రూకో’ పథకం తెచ్చింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కి మళ్లించడం దాని ఉద్దేశం. బండిమీదికి మళ్లీ చేరాల్సిన నూనె ఇంజిన్లోకి వెళ్లడం మంచిదే. దాంట్లో కొంతైనా ఈస్ట్‌కి పెడితే ఇంకా విలువైన సరుకు వస్తుందన్నది పరిశోధకుల ఆశ.

అందాకా మనం చేయగలిగింది ఒకటుంది. మిగిలిన నూనెను చల్లార్చి, వడకట్టి, సీసాలో పోసిపెట్టండి. సేకరించేవాళ్లు ఉంటే ఇచ్చేయండి. సింకులో మాత్రం వద్దు. కాలువలోకి పోయిన నూనె ఏ ఈస్ట్‌కీ అందదు మరి!