గుఱ్ఱమునకు లాడము, యజమానికి జోడు

గుఱ్ఱమును కొనువాడు మొదట దాని కాళ్లను చూచును. గిట్ట పగిలినదా, నడకలో కుంటు కలదా యని పరీక్షించును. ఇంటికి తెచ్చుకొనిన పిమ్మట ఆరు వారములకో ఎనిమిది వారములకో లాడములు కొట్టువానిని పిలిపించి, గిట్టలు చెక్కించి, లాడములు సరిచేయించును. ఇంతటి శ్రద్ధ గలవాడే తన పాదముల మాట వచ్చునప్పటికి ఏదో యొక పాతజోడు చాలునని ఊరకుండును. ఈ ఉపేక్షకు చెల్లించు మూల్యము ఒక్కొక్కప్పుడు ధనము, ఒక్కొక్కప్పుడు కాలివ్రేళ్లు, అరుదుగా ప్రాణము.

గుఱ్ఱము గలవాడనగనే జీనుమీద కూర్చుండి దౌడు తీయువాని రూపము మనకు మనసున మెదలును. నిజమునకు అతని దినములో స్వారి పాలు స్వల్పము. వాన విడువని ఇంగ్లండు పల్లెపట్టులలో గుఱ్ఱము గలవారి దినచర్యను గమనించినచో ఈ సంగతి తెలియును. తెల్లవారకమునుపే సాలలోని లద్దిని ఎత్తవలెను. తడిసిన గడ్డిని మార్చవలెను. నీళ్ల బాల్చీలను మోయవలెను. మేతకు విడిచిన గుఱ్ఱమును పట్టి తేవలెను. శీతకాలమున పచ్చిక బీళ్ల వాకిళ్లు గిట్టల త్రొక్కిడిచే మోకాటిబంటి బురద యగును. ఒక గంట స్వారికి పలుగంటల కాలినడక! కావున ముందుగా విచారింపవలసినది ఏ జోడు అందముగా నున్నదని కాదు. ఏ పనికి ఏ జోడు అని.

బురదకు రబ్బరుబూటును మించినది లేదు. దానికి ఆంగ్లేయులు పెట్టిన పేరు వెల్లింగ్టన్ బూటు. 1799లో శ్రీరంగపట్టణముపై జరిగిన దండయాత్రలో నిజాము పక్షపు సైన్యమును నడపిన ఆర్థర్ వెల్లెస్లీయే పిమ్మట వెల్లింగ్టన్ ప్రభువై 1815లో వాటర్లూ యుద్ధమును గెలిచెను. ఆయన లండనులోని తన చెప్పరిచేత కుట్టించుకొనిన బూటు తోలుది. 1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కలిపి కాచి గట్టిపరచు విధమును కనుగొనిన తరువాతనే రబ్బరుబూటు సాధ్యమయ్యెను. 1853లో హైరమ్ హచిన్సన్ ఫ్రాన్సులో కర్షకులకై అట్టి బూట్లను చేయనారంభించెను. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో నీట నానిన సైనికుల పాదములు కుళ్లుచుండగా, ఎడింబరోలోని కర్మాగారము పది లక్షలకు పైగా జతలను చేసి పంపెను.

అయినను రబ్బరునకు రెండు లోపములు కలవు. బయటి నీటిని రానీయని గుణమే లోపలి చెమటను పోనీయదు. ఎండలో విడిచినచో నెఱ్ఱెలు వాఱును. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి: బురదలో జాఱకుండుటకై దాని అట్టకు లోతైన గాళ్లుండును. ఆ గాళ్లే స్వారిలో శత్రువులు.

రౌతు క్రిందపడుట వింత కాదు. పడినపుడు పాదము రికాబునుండి జాఱి వెలుపలికి రావలెను. రాకున్నచో బెదరిన గుఱ్ఱము వానిని నేలపై ఈడ్చుకొనిపోవును. గాళ్లుగల అట్ట రికాబును పట్టుకొనును. మడమలేని చెప్పు రికాబులో ముందునకు దూసుకొనిపోవును. రెండును ప్రమాదమే. కావున స్వారి చేయువాని బూటు అడుగు ఇంచుమించు నునుపుగా నుండవలెను. మడమ రెండు సెంటీమీటర్లైన ఎత్తు కలిగియుండవలెను. రికాబు కూడ బూటుకంటె సుమారు రెండున్నర సెంటీమీటర్లు వెడల్పుండవలెను. ఈ గుణములు గలది చీలమండ దాక వచ్చు జోధ్‌పుర్ బూటు. ఆ రాజపుత్ర సంస్థానపు రౌతులు తొడుగుకొనిన బిగుతు లాగులు విదేశములకు ప్రాకగా, వానితోపాటు ధరించిన పొట్టిబూటునకును ఆ పేరే నిలిచెను.

ఇక గుఱ్ఱము కాలు త్రొక్కుట సంగతి. స్వారిగుఱ్ఱము బరువు సుమారు 500 కిలోలు. అందులో అరువది పాళ్లు ముందుకాళ్లపై నుండును. అనగా నిలుచున్నప్పుడు ఒక్కొక్క ముందుగిట్టపై 150 కిలోలు. ఉక్కుటోపీ గల బూటు వ్రేళ్లను కోసివేయునని పలువురు భయపడుదురు. పరీక్ష నెగ్గిన బూటు 20 కిలోల బరువు ఒక మీటరు ఎత్తునుండి పడినప్పటి దెబ్బకును, 1500 కిలోల ఒత్తిడికిని తాళవలెనని ప్రమాణము కలదు. కావున ఆ భయము నిరాధారము. అయితే ఆ టోపీ వ్రేళ్లనే కాచును. పాదపు మీగాలిని కాదు. దాని లావుపాటి ముక్కు ఇఱుకు రికాబులో చిక్కును గనుక అది సాలకేగాని స్వారికి తగదు.

మన్నికకు తోలు, కుట్టు ప్రధానములు. తోలు కుళ్లకుండ నిలుచుట పదును చేయుటవలన. మన మెట్టపొలముల గట్లపై పూయు తంగేటి చెక్కలోని సారము తోలునరములతో ముడివడి వానిని కాచును. దానితో పదునైన తోళ్లు మద్రాసునుండి ఇంగ్లండునకు విశేషముగా ఎగుమతి యయ్యెను. ఈ విద్యను శాస్త్రముగా పెంచినవారిలో ముఖ్యుడు, 1948లో మద్రాసున నెలకొన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు సంచాలకుడైన తెనాలి ప్రాంతీయుడు యలవర్తి నాయుడమ్మ (1922–1985). అట్ట కేవలము జిగురుతో అంటించినదా, కుట్టినదా యని కొనువాడు చూడవలెను. కుట్టినదానికి అరిగిన అట్టను మార్పించవచ్చును.

సాలలోని మూత్రము అమోనియాగా మాఱి తోలును, దారమును తినును. కావున ప్రతి సాయంకాలము చల్లని నీటితో కడిగి, పాతపత్రికలు ఉండలుచేసి లోన కూరి, నీడలో ఆరబెట్టవలెను. నిప్పుసెగ తోలును పెళుసు చేయును.

లెక్క వేయుదము. 1,200 రూపాయల జోడు ఏడాదికి చిరుగుననుకొన్నచో అయిదేండ్లకు 6,000. కుట్టిన జోడు 4,000 పెట్టి కొని, నడుమ 800తో అట్ట మార్పించి అయిదేండ్లు తొడిగినచో 4,800 మాత్రమే. అట్లని వెల హెచ్చుటయే గుణము కాదు. మోకాలివఱకు మెఱయు పోటీబూట్లకు సాలలో పనిలేదు. పెరుగుచున్న పిల్లవానికి అయిదేండ్ల మన్నిక నిష్ప్రయోజనము. వానికి మడమ, కుట్టు చెడని పాతజోడైనను చాలును. పెరుగునుగదా యని వదులైనది తొడుగుట మాత్రము తగదు.

ఒక్కజతయే కొనగలవాడు స్వారి చేయువాడైనచో మడమగల తోలుబూటునే కొనవలెను. బురదలో పాదము తడియుట బాధ. రికాబులో పాదము చిక్కుట ఆపద. గుఱ్ఱము గిట్టను వంగి చూచినప్పుడెల్ల తన కాలిజోడును కూడ ఒకసారి తిరగవేసి చూచువాడు ఈ రెంటినుండియు తప్పించుకొనును.