బాట పట్టిన యిండ్లు

మోటారుబండిలోనే పడక, పొయ్యి, నీటితొట్టి అమర్చుకొని నెలల తరబడి దేశసంచారము చేయు వేడుక ఈ మధ్య మన దేశమునకును వచ్చినది. చక్రములమీద నడచు ఆ యింటిని చూచి జనులు వింతగా చెప్పుకొనుచున్నారు. కాని యిల్లు వెంటబెట్టుకొని పయనించుట తెలుగునేలకు క్రొత్తగాదు. నల్లగొండ, పాలమూరు మెరకసీమల మీదుగా అట్టి యిండ్లు ఎన్నియో సాగిపోయినవి. కొన్ని ఎద్దుల వీపులమీద నడచినవి. కొన్ని మనుష్యుల భుజములమీద నడచినవి. కొన్ని తోలుపుట్టులలో ఏరు దాటినవి. సుఖముగా సాగిన ప్రయాణమునుగూర్చి యాత్రికుడు రెండు మాటలతో సరిపుచ్చును. బండి విరిగినచోట, ఏరు అడ్డుపడినచోట, తిండి దొరకనిచోట మాత్రము నాలుగు మాటలు ఎక్కువగా వ్రాయును. కావున ఆ యిక్కట్ల కథలే ఆనాటి బాటను నేడు మనకు చూపుచున్నవి.

నేల పెట్టిన పరీక్ష

2016 నుండి పలు జిల్లాలుగా విడివడిన పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు రెండును దక్కను పీఠభూమికి చెందినవి. గట్టిరాతిమీద పలుచగా పరచినట్లుండు ఎఱ్ఱచెలక ఒకచోట. వాన తగిలినంతనే జిగురై కాలు పట్టుకొను నల్లరేగడి వేరొకచోట. చెలకలో చక్రమునకు రాతిదెబ్బ, రేగడిలో బురదదెబ్బ. రాతినేల వాననీటిని ఇముడ్చుకొనలేదు గనుక వాగులు చూచుచుండగనే పొంగును, అంత త్వరగానే తీయును. వేసవిలో ఒట్టి యిసుకగా కనబడు వాగు తొలకరిలో బాటసారిని గట్టుననే నిలిపివేయును. ఇక చెరువులు. తెలంగాణమున అవి పైరునకు ప్రాణము, బాటకు అడ్డు. నల్లగొండ చేరువ పానగల్లులోని ఉదయసముద్రమువంటి తటాకము ఎదురైనపుడు బండివాడు కట్ట చుట్టి పోవలసినదే గాని వేరు దారి లేదు.

ఊడదీసిన బండి

17వ శతాబ్దమున గోల్కొండ వజ్రములకై ఈ దేశమునకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఈ నేల బాటలను ఉన్నవి యున్నట్లు వర్ణించెను. గోల్కొండనుండి మచిలీపట్టణమునకు పోవు బాట నేటి నల్లగొండ సీమమీదుగనే సాగినది. కొండలు, చెరువులు, ఏరులు అడుగడుగున అడ్డుపడుటచే ఆ బాటను చక్రముల బండ్లు నడువవని ఆయన చెప్పెను. ఆయన ఒక చిన్న బండిని ఎట్లో వజ్రపుగనివరకు తీసికొనిపోయెను. కాని చెడ్డచోటు వచ్చినపుడెల్ల దానిని భాగములుగా ఊడదీసి దాటించి, ఆవల మరల కూర్చవలసివచ్చెను. బండి మనిషిని మోయుటకు మారుగా మనుష్యులే బండిని మోసిరన్నమాట. అందుచేతనే ఈ సీమలో సరకులకు పెరికెద్దులు, గుఱ్ఱములు, గొప్పవారికి పల్లకీలు వాడుక యయ్యెను. బండ్లు లేని కొరత తీర్చుటకై ఇచ్చటి పల్లకీలు తక్కిన హిందూదేశపు పల్లకీలకంటె విశాలముగా నుండెడివని ఆయనయే వ్రాసెను.

1652లో గండికోటనుండి గోల్కొండకు వచ్చుచు ఆయన కృష్ణను దాటిన తీరు మఱింత చిత్రమైనది. వెదురుబుట్టవలె గుండ్రముగా అల్లి, వెలుపల ఎద్దుతోళ్లు తొడిగిన పడవ అది. మనవారు పుట్టి యందురు. అడుగున కట్టెలమోపులు పఱచి, వానిమీద తివాసి వేసి, సామగ్రిని తడియకుండ ఉంచెదరు. బండిని దాటింపవలసినచో రెండు పుట్టుల నడుమ కట్టి నీటిమీద తేల్చెదరు. గుఱ్ఱములను నీటిలోనికి తోలగా, పుట్టిలోని మనిషి వాని పగ్గము పట్టుకొని యుండును. బరువు దించిన ఎడ్లు తమంతట తామే యీదును. నాలుగు దిక్కుల నలుగురు నిలిచి ఒక్క తాళముగా తెడ్డు వేయవలెను. వారిలో ఒక్కడు తప్పెనా, పుట్టి గిరగిర తిరిగి, ప్రవాహమునకు లోబడి, దిగవలసిన రేవును విడిచి చాల దిగువకు కొట్టుకొనిపోవును. పుట్టి యను పాత్ర నేటికిని మాయలేదు. తోలు పోయి తారు పూసిన గుడ్డయు ప్లాస్టిక్కును వచ్చినవి గాని, కృష్ణమీది జాలరులు దానిని విడువలేదు.

పదివేల ఎడ్ల యిల్లు

బాటలో టావెర్నియే చెప్పిన మఱియొక చిక్కు బిడారులది. బియ్యము, ధాన్యము, ఉప్పు మోసికొని పది పండ్రెండువేల ఎడ్లు ఒక్కుమ్మడిగా నడచునట. ఇఱుకుబాటలో అట్టి మంద ఎదురైనచో అది యంతయు కడచువరకు బాటసారి రెండు మూడు దినములు ప్రక్కన కూర్చుండవలసినదే. పరదేశి కది అడ్డంకి. ఆ మందను నడుపువారికో, అదియే ఇల్లు, అదియే వాకిలి, అదియే ఊరు. వారికి నిలుకడయైన నివాసము లేదనియు, ఆలుబిడ్డలతో డేరాలలోనే బ్రదుకుదురనియు ఆయన గమనించెను. వారే బంజారాలు; మన లంబాడీలకు పూర్వులు.

ఇట్టి సంచారగృహమును నడుపుటలో ఎంత నేర్పు వలయునో యోచింపవలెను. పదివేల ఎడ్లకు ప్రతి సాయంకాలమున నీరు కావలెను, మేత కావలెను. ఒక చెరువు ఎండినదని తెలియక మజిలీ వేసినచో మంద యంతయు కృశించును. పశువులకు తెగులు సోకినచో సరకు బాటలోనే నిలిచిపోవును. సరకుతోబాటు సంసారమును నిలిచిపోవును. అందుచేతనే లంబాడీల పూజలలో పశువులకు తెగులు రాకుండ కాపాడు సీత్లాదేవికి నేటికిని పెద్దపీట. మధ్యభారతపు బంజారాలనుగూర్చి 19వ శతాబ్దపు అధికారులు వ్రాసిన వ్రాతలలో మఱియొక ఆచారము కలదు. మందలో హటాడియా యను ఎద్దు ఒకటి యుండును. దానిమీద బరువు వేయరు. ఎఱ్ఱపట్టు కుచ్చులతో, ఇత్తడి గంటలతో దాని నలంకరింతురు. సాయంకాలము అది యెచట ఆగునో అచటనే విడిది. ఇంట ఎవరైన జబ్బుపడినచో దాని పాదములకే మ్రొక్కుదురు. దారి చూపునది, దైవము, ఇంటిపెద్ద, అన్నియు ఆ ఎద్దే.

ఈ నడచు ఊరికి వచ్చిన పెద్ద ఆపద వాగు గాదు, తెగులు గాదు. 1874లో వాడినుండి హైదరాబాదునకును, 1889లో బెజవాడకును రైలు నడచిన పిమ్మట, పెరికెద్దు నెలలలో చేర్చు ఉప్పును రైలుబండి దినములలో చేర్చెను. శతాబ్దముల వృత్తి ఒక్క తరములో జాఱిపోయెను. డేరాలు గుడిసెలైనవి, గుడిసెల గుంపులు తాండాలైనవి. దేవరకొండ చుట్టుపట్లను, పాలమూరు గుట్టల వాలులను నేడు కనబడు తాండాలు పలుమారు ఊరికి దూరముగా, రాతినేలలో ఉండుటకు కారణమిదియే. తుదకు వచ్చి నిలిచినవారికి మంచినేల మిగులలేదు. తెలంగాణమున లంబాడీలకు షెడ్యూలు తెగల గుర్తింపు 1976 చట్టముతోగాని రాలేదు. బాట తప్పి నిలిచిపోయినవారి ఇక్కట్లు ఒక్క రాత్రితో తీరునవి గావు.

నూఱుమంది పయనము

తెలుగువాడు తెలుగులో వ్రాసిన బాటకథ ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషి. 1830 మే 18వ తేదీ రాత్రి చెన్నపట్టణము విడిచి, సుమారు నూఱుమంది పరివారముతో బయలుదేరి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తాలు చూచి, తూర్పుతీరపు బాటను 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. పదునైదు నెలలకు మించిన యాత్ర. పల్లకీలు, డేరాలు, వంటపాత్రలు, పూజాద్రవ్యములు, కావలివారు—ఒక చిన్న అగ్రహారమే లేచి నడచినట్లయ్యెను.

ఎడారి దాటువాడు ఆకాశము చూచును. వీరాస్వామయ్య బాట చూచెను. ఏ ఊరికి పోయినను ఆయన వ్రాతలో కొన్ని సంగతులు తప్పవు: బాట రాతిగొట్టా, ఇసుకపఱ్ఱయా, రేగడియా? నీటివసతి యున్నదా? అంగళ్లున్నవా? దిగుటకు చోటున్నదా? నూఱుమందికి అన్నము వండవలసినవానికి ఇవి కవిత్వముకంటె ముఖ్యములు. ముందు మజిలీలో బియ్యము దొరకదని తెలిసినచో నేటి మజిలీలోనే కొని మోయింపవలెను. మోయించినచో మోతగాండ్రు హెచ్చుదురు. హెచ్చినచో వారికిని బియ్యము కావలెను. పెద్ద పరివారముతో సాగు ప్రతి ప్రయాణమునకును ఈ చిక్కుముడి తప్పదు.

శ్రీశైలమున యాత్రికులమీద కందనవోలు నవాబు సుంకము వసూలు చేయుచుండెను. అడవి, కొండ, సుంకము మూడును దాటి, ఆత్మకూరు మీదుగా కృష్ణ యొడ్డు చేరి, నది దాటి ఆయన నిజాము రాజ్యమున అడుగుపెట్టెను. అప్పటికి తొలకరి వేళ. అటనుండి జటప్రోలు, వనపర్తి సంస్థానముల సీమలో సాగి, జడచెర్ల మీదుగా హైదరాబాదు చేరెను. ఈ భాగమున ఆయన వ్రాత కేవలము బాటకథగా నుండదు. సంస్థానాధిపతులు తమలో తాము కలహించి ఒకరి గ్రామములు వేరొకరు కొల్లగొట్టుటయు, హైదరాబాదున అధికారము నడుపు చందూలాలు తమకు ముట్టవలసిన రూకలు ముట్టిన చాలునని ఊరకుండుటయు ఆయన కంటబడెను. వాగు పొంగినచో బాటసారికి ఒక దినము నష్టము. పాలకుడు కన్ను మూసికొన్నచో బాటప్రక్క ఊరికి తరతరముల నష్టము. చెన్నపట్టణపు కొలువులో చట్టముల నడుమ మెలగినవాడగుటచే ఆ భేదము ఆయనకు వెంటనే గోచరించెను.

వీరాస్వామయ్య తన వృత్తాంతమును మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపుచుండెను. 1836లో ఆయన కాలము చేసిన పిదప, పిళ్ల కూర్చిన ఆ గ్రంథము 1838లో అచ్చయ్యెను. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి. నేటి విద్యార్థి చేతికి అది అందుచున్నదనిన ఆ శ్రమయే కారణము.

భుజముల లెక్క

ఈ కథలన్నిటిలో ఒక లోపము కలదు. పల్లకిలోని వాని పేరు మనకు తెలియును. పల్లకి మోసినవాని పేరు తెలియదు. రేగడిలో జాఱినది ఎవరి కాలు? రాతిగొట్టులో చిట్లినది ఎవరి అరికాలు? టావెర్నియే వ్రాతలో జీతముల లెక్క మాత్రము దొరకును: వెంట నడచు మనిషికి నెలకు నాలుగు రూపాయలు, ప్రయాణము అరువది దినములకు మించినచో అయిదు. ఆ రూపాయతోనే తన తిండియు, తన జబ్బును వాడు చూచుకొనవలెను. మోటారుయిల్లు చెడిపోయినచో యంత్రము మాత్రమే ఆగును. నాటి నడచు ఇల్లు చెడిపోయిన దనగా ఒక మనిషి కూలబడినాడని యర్థము. ఆపద యను మాటకు పల్లకి లోపల ఒక అర్థము, వెలుపల వేఱొక అర్థము.

నీట మునిగిన రేవులు

శ్రీశైలము జలాశయము ఏర్పడిన తరువాత కృష్ణ పాతరేవులు పెక్కు నీటిపాలైనవి. సంగమేశ్వరాలయము ఏడాదిలో అధికభాగము నీటిలోనే యుండి, వేసవిలో బయటపడును. కాని కొల్లాపురము వైపువారికి ఆత్మకూరు వైపు పనులు నిలువలేదు. పడవ ప్రయాణమును నిలువలేదు. 2007 జనవరిలో మంచాలకట్ట కడ పడవ మునిగి ఎందఱో ప్రాణములు గోల్పోయిరి. సోమశిల కడ కృష్ణమీద తీగెల వంతెనకు కేంద్రప్రభుత్వము 2022లో ఆమోదము తెలిపినది. టావెర్నియే పుట్టి యెక్కిన 370 ఏండ్లకు దక్కిన ఆమోదమది. ఆలస్యమునకు మూల్యము ఎల్లప్పుడును ఒడ్డుననున్న పేదవాడే చెల్లించుచున్నాడు.

కాశీయాత్రచరిత్రలోని పాలమూరు పుటలను ముందుంచుకొని ఆ మజిలీలను పటముమీద గుర్తించుట ఏ ఉన్నతపాఠశాలలోనైనను రెండు దినముల పని. ఏ ఊరు నిలిచినది, ఏ బాట రహదారియైనది, ఏ రేవు మునిగినది అనునది దానితో తేలును. తాండాల కథ అట్లు గాదు. దానికి గ్రంథము లేదు. తాతముత్తాతలు ఏ చెరువు కడ విడిసిరో, ఉప్పు ఎచటనుండి తెచ్చిరో, మంద తెగులుతో పడినపుడు ఏమి చేసిరో వృద్ధుల నోటనే యున్నది. తాండా పిల్లలు చదువు బడులు ఈ జిల్లాలలో లెక్కకు మిక్కిలి. ఆ పిల్లలచేతనే వారి అవ్వతాతలను అడిగించి, వారి మాటలోనే వ్రాయింపవచ్చును. పుస్తకములో లేని మజిలీలు మఱికొన్ని అట్లు బయటపడును. అవ్వతాతల తరము గడచిన పిదప అడుగుటకు ఎవరును మిగులరు.