ఆక్యుపేషనల్ థెరపీ చదువులో విద్యార్థి బృందాల పరిశోధన



పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాడనుకోండి. ప్రాణం దక్కింది. మందులు నడుస్తున్నాయి. చూడవచ్చిన బంధువులు "గండం గడిచింది" అని ధైర్యం చెప్పి వెళ్లారు. అసలు చిక్కు మర్నాడు పొద్దున మొదలవుతుంది. పళ్లు ఎలా తోముకోవాలి? లుంగీ ఎలా కట్టుకోవాలి? అన్నం ఎలా కలుపుకోవాలి? ఎడమచేత్తో తినడం మన ఇళ్లలో అలవాటు లేని పని. నలుగురి మధ్య అయితే మరీ మొహమాటం. అందుకని ఇంట్లోవాళ్లే ముద్దలు కలిపి నోటికి అందిస్తారు. మొదటి వారం అది ఆప్యాయత. ఆరో నెల వచ్చేసరికి ఆ ఆప్యాయతే ఆ మనిషికి "నేనిక ఎందుకూ కొరగాను" అనే బెంగగా మారుతుంది.

ఈ బెంగను పట్టించుకునే వైద్యశాఖ ఒకటి ఉంది. దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ. ఆక్యుపేషన్ అనగానే చాలామంది ఉద్యోగం అనుకుంటారు. ఇక్కడ ఆ మాటకు అర్థం అంతకంటె విశాలమైనది. మనిషి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా చేసే పనులన్నీ ఇందులోకి వస్తాయి. స్నానం, తిండి, వంట, బడి, ఆట, పూజ, బేరసారాలు, అన్నీ. మన తెలుగులో "వ్యాపకం" అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే, ఫిజియోథెరపిస్టు చేయి కదిలేలా చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ చేత్తో మనిషి తన పని తాను చేసుకునేలా చూస్తారు. చేయి పూర్తిగా తిరిగి రాకపోతే, పని చేసే పద్ధతినో, పనిముట్టునో, చుట్టూ ఉన్న అమరికనో మారుస్తారు.

మన దేశంలో ఈ చదువు మొదలైంది 1950లో, బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో. దానికి పునాది వేసినవారు కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో పుట్టి, ఇక్కడి మనిషిని పెళ్లాడి, ఇక్కడే స్థిరపడ్డారు. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు, దాన్ని స్థాపించిన పది దేశాలలో భారతదేశం ఒకటి. తరువాత నాగపూరులో, వేలూరులో, కటక్ దగ్గరి ఓలట్‌పూర్‌లో, మణిపాల్‌లో, ఇంకా అనేక చోట్ల ఈ చదువు స్థిరపడింది. అంటే మహారాష్ట్ర, తమిళనాడు, ఒడిశా, కర్ణాటక రాష్ట్రాలలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. మన పిల్లలు చదవదగిన చదువు, మన పెద్దలకు అందవలసిన సేవ.

ఈ చదువులో ఒక ముఖ్యమైన భాగం గురించి ఇవాళ చెప్పుకుందాం. చివరి సంవత్సరాలలో విద్యార్థులు నలుగురైదుగురు బృందంగా ఏర్పడి, ఒక అధ్యాపకుని మార్గదర్శకత్వంలో, ఒక కొత్త కల్పన మీద పరిశోధన చేస్తారు. ఇది కేవలం మార్కుల కోసం చేసే పనా, లేక దానివల్ల ఎవరికైనా మేలు జరుగుతుందా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ముందుగా, కొత్త కల్పన అంటే ఏమిటి? పెద్ద యంత్రం అని భయపడనక్కరలేదు. పట్టు తప్పిన వేళ్లకు చెంచా కాడను లావు చేస్తే చాలు, తక్కువ బలంతోనే పట్టుకోవచ్చు. అసలు వేళ్లు ముడుచుకోని వారికి అరచేతి చుట్టూ ఒక పట్టీ కట్టి, దానికి చిన్న జేబు కుట్టి, అందులో చెంచానో కలాన్నో దూర్చవచ్చు. ఒంటిచేత్తో తినేవారి కంచం జారకుండా కింద తడిబట్ట పరవడం కూడా ఒక ఉపాయమే. చేతిని సరైన భంగిమలో నిలిపే స్ప్లింట్లకు వేడినీటిలో మెత్తబడే ప్రత్యేకమైన ప్లాస్టిక్ రేకును వాడతారు. దాని ఖరీదు ఎక్కువ. అందుకే నీళ్ల గొట్టాలకు వాడే పి.వి.సి.ని వేడిచేసి చదును చేసి స్ప్లింట్లు తయారుచేసే పద్ధతి మన దేశంలో వాడుకలోకి వచ్చింది. ఈ రోజుల్లో విద్యార్థులు త్రీడీ ప్రింటర్లతో కూడా పరికరాలు చేస్తున్నారు. పరికరం ఏదైనా కొలబద్ద ఒక్కటే. ఆ మనిషి ఆ పనిని తనంతట తాను చేసుకోగలుగుతున్నాడా?

వేలూరు చరిత్రలోనే దీనికి మంచి పాఠం ఉంది. 1940ల చివరలో డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స మొదలుపెట్టారు. రోగుల వేళ్లు అరిగిపోవడానికి పెద్ద కారణం స్పర్శ తెలియకపోవడమేనని ఆయన గమనించారు. వేడి గ్లాసు పట్టుకున్నా, మొరటు కాడ గీరుకున్నా నొప్పి తెలియదు కనుక గాయం మీద గాయం అవుతుంది. అంటే ఆపరేషన్ ఒక్కటే చాలదు, పట్టుకునే వస్తువూ పట్టుకునే తీరూ మారాలి. అదే ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదానికి గురై నడుము కింది భాగం చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చుని శస్త్రచికిత్సలు చేశారు. ఆమె కృషితో 1966లో అక్కడ పునరావాస సంస్థ వెలసింది. లోపం ఉన్న మనిషి ఉపకారం పొందే రోగి మాత్రమే కాదు, దారి చూపే మనిషి కూడా అని దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు ఒక విద్యార్థి బృందం ఎలా పనిచేయాలో ఒక ఉదాహరణ ఊహించుకుందాం. వేలూరు పక్క ఊళ్లో ఒకావిడ పూలు కట్టి అమ్ముకుంటుంది. ఇంట్లో తెలుగు, బయట తమిళం. పక్షవాతంతో ఎడమచేయి బలహీనపడింది. దారాన్నీ కట్టిన మాలనూ బిగించి పట్టుకోవలసిన చేయి అదే. నలుగురు విద్యార్థులు ఆమె దగ్గరకు వెళ్లారు. మొదట చేయవలసిన పని ఏమిటి? పరికరం తయారుచేయడం కాదు, అడగడం. "అమ్మా, మీకు అన్నిటికన్నా ఏ పని చేసుకోలేకపోవడం కష్టంగా ఉంది?" అని. విద్యార్థులు స్నానం అనుకోవచ్చు. ఆమె మాత్రం "పూలు కట్టలేకపోతున్నాను నాయనా" అనవచ్చు. పరిశోధన ఆ జవాబు నుంచి మొదలు కావాలి.

ఇలా అడిగి కొలిచే పద్ధతి ఒకటి 1991లో కెనడాలో ప్రచురితమైంది. ఈ పద్ధతిలో మనిషి తనకు ముఖ్యమైన పనులను తానే ఎంచుకుంటాడు. ఆ పని ఎంత బాగా చేయగలుగుతున్నాడో ఒకటి నుంచి పది వరకు మార్కు వేసుకుంటాడు. దానితో ఎంత తృప్తిగా ఉన్నాడో మరో మార్కు వేసుకుంటాడు. చికిత్స తరువాత మళ్లీ వేసుకుంటాడు. రెండు మార్కులు పెరిగితే చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కిస్తారు.

మన బృందం ఒక చెక్కపీటకు క్లిప్పు బిగించి, ఎడమచేతికి బదులు మాలను అది పట్టుకునేలా చేసిందనుకుందాం. ఇక కొలవాలి. అరగంటలో ఎన్ని మూరలు కట్టింది? ముడి జారి ఎన్ని పూలు రాలాయి? భుజం నొప్పి పుట్టిందా? ఇక్కడ భాష సంగతి కూడా ఉంది. తెలుగులో మూర, తమిళంలో ముళం, కన్నడంలో మొళ. ప్రశ్నావళి ఇంగ్లీషు నుంచి రాష్ట్రభాషలోకి వచ్చి అక్కడే ఆగిపోతే, ఇంటి తెలుగులో బతికే ముసలమ్మ తన కష్టాన్ని సగమే చెప్పగలుగుతుంది. పక్షవాతంతో మాట దెబ్బతిన్నవారికి రెండు భాషలూ ఒకే తీరుగా తిరిగి రావాలని లేదు. బృందంలో తెలుగింటి పిల్లో పిల్లవాడో ఉంటే ఆ ఇంటికి అది ఎంత ఆసరానో ఆలోచించండి.

కొలతలో ఒక మోసం దాగి ఉంటుంది. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో చేయి కొంతవరకు సహజంగానే కోలుకుంటుంది. పీట ఇవ్వకముందు రెండు మూరలు, ఇచ్చాక మూడు మూరలు కట్టిందంటే ఆ ఘనత పీటదా, కాలానిదా? దీన్ని తేల్చడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ముందు కొన్నాళ్లు పీట లేకుండా రోజూ కొలవాలి. తరువాత పీటతో కొలవాలి. మళ్లీ పీట తీసి, మళ్లీ ఇచ్చి కొలవాలి. పీట ఉన్నప్పుడల్లా పెరిగి, లేనప్పుడల్లా తగ్గితే ఘనత పీటదే. లేదా ముగ్గురు మనుషులకు వేరువేరు వారాలలో పీట ఇచ్చి, ఎవరికి ఇచ్చినప్పుడు వారికే మార్పు వచ్చిందా అని చూడవచ్చు. వందలమంది రోగులు దొరకని విద్యార్థులకు ఇది అందుబాటులో ఉన్న నిజాయితీ గల మార్గం.

అంతకన్నా ముందు అనుమతి ఉండాలి. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నియమావళి ప్రకారం మనుషులతో చేసే పరిశోధనను నైతిక సంఘం పరిశీలించాలి. పాల్గొనే మనిషికి విషయం అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇష్టం లేకపోతే కాదనే హక్కు ఆయనకు ఉంది. కాదన్నందువల్ల ఆయన వైద్యానికి ఏ లోటూ రాకూడదు. "డాక్టరు గారి మనుషులు అడిగారు, కాదంటే ఏమనుకుంటారో" అని మనవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం అక్కరలేదు.

పరికరం చేసి ఇవ్వడంతో పని అయిపోదని మరో పరిశోధన చెబుతోంది. 1993లో అమెరికాలో 227 మంది వికలాంగులను అడిగి చూస్తే, వారు పొందిన సహాయ పరికరాలలో 29 శాతానికి పైగా మూల పడేశారని తేలింది. కారణాలలో ఒకటి పరికరం సరిగా పనిచేయకపోవడం. ఒకటి కాలక్రమంలో అవసరం మారిపోవడం. ఒకటి ఆలోచించకుండానే సులువుగా చేతికి వచ్చేయడం. మరొకటి, మనం గుర్తుపెట్టుకోవలసినది, ఎంపికలో వాడే మనిషి అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. అడగకుండా ఇచ్చిన వస్తువు అటకెక్కుతుంది.

అడిగి చేసినది ఎంత దూరం వెళుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2008 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థుల బృందం ఒకటి, తరగతి పనిగా, మన జైపూర్ కాలు సంస్థతో కలిసి చౌకైన కృత్రిమ మోకాలును రూపొందించింది. 2009లో టైమ్ పత్రిక దాన్ని ఆ సంవత్సరపు మేలైన 50 ఆవిష్కరణలలో చేర్చింది. వారు ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు కారు. అయినా పాఠం అందరిదీ. కాలు పోగొట్టుకున్నవారు నిత్యం వచ్చే చోటితో చేయి కలిపారు కనుకనే ఆ తరగతి పని ఫైలు దాటి బయటికి వచ్చింది.

ఇక బృందం మాట. నలుగురు కలిస్తే నాలుగు చూపులు. ఒకరు చేతిని చూస్తే, ఒకరు మనసును, ఒకరు ఇంటి గడపను, మరొకరు ఖర్చును చూస్తారు. కానీ ఒకరు చేసి నలుగురు సంతకం పెట్టే ప్రమాదమూ ఉంది. ఎవరు ఏ రోజు ఏ పని చేశారో దినచర్య పుస్తకంలో రాయించి, మౌఖిక పరీక్షలో ఒక్కొక్కరిని విడివిడిగా అడిగే అధ్యాపకుని దగ్గర ఆ ప్రమాదం తక్కువ. ఓడిపోయిన ప్రయత్నాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు రాసిన బృందానికి మార్కులు తగ్గించకూడదు. పీట పనికిరాలేదని తెలియడం కూడా తెలివే. లేకపోతే మరుసటి సంవత్సరం పిల్లలు అదే పీట మళ్లీ చేస్తారు.

అన్నిటికన్నా పెద్ద లోపం పరీక్ష తరువాత కనబడుతుంది. ఫలితాలు వస్తాయి, విద్యార్థులు తలో ఊరికి వెళ్తారు. నాలుగో నెలలో క్లిప్పు విరుగుతుంది. దాన్ని బాగుచేసేది ఎవరు? అందుకే ఊళ్లో వడ్రంగి, దర్జీ, సైకిలు షాపువాడు బాగుచేయగలిగిన వస్తువునే తయారుచేయాలి. కొలతలతో సహా బొమ్మ గీసి ఆ ఇంట్లో ఉంచాలి. తరువాతి తరగతి బృందానికి ఆ ఇంటి బాధ్యత అప్పగించాలి. మార్కులలో కొంత భాగం మూడు నెలల తరువాత ఆ వస్తువు వాడుకలో ఉందా అన్నదానికి కేటాయిస్తే, చదువూ బాగుపడుతుంది, ఆ ఇల్లూ బాగుపడుతుంది.

శ్రోతలారా, ఇందులో మన వంతు కూడా ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలను గుర్తించారు. 2021 చట్టం ఆక్యుపేషనల్ థెరపీతో సహా అనుబంధ వైద్య వృత్తులన్నిటినీ ఒక జాతీయ కమిషన్ కిందకు తెచ్చింది. చట్టాలు వచ్చాయి, కానీ అడిగేవారు ఉంటేనే సేవ ఇంటికి వస్తుంది. మీ ఇంట్లో పక్షవాతమో, కీళ్లవాతమో, బుద్ధిమాంద్యం గల పిల్లవాడో ఉంటే, పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు "ఇక్కడ ఆక్యుపేషనల్ థెరపీ విభాగం ఉందా?" అని అడగండి. విద్యార్థులు ఇంటికి వస్తే కాఫీ ఇచ్చి పంపేయకుండా, ఏ పని దగ్గర చిక్కు వస్తోందో చేసి చూపించండి. వారు తెచ్చిన వస్తువు బాగా లేకపోతే బాగా లేదని చెప్పండి. ఆ మాట వారి చదువుకు పుస్తకమంత విలువైనది.

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలున్న తల్లిదండ్రులకూ ఒక మాట. మన ఇళ్లలో డాక్టరు, ఇంజనీరు అనే రెండు మాటలే ఎక్కువగా వినబడతాయి. చేతిపని అంటే ఇష్టం, మనుషులతో మాట్లాడే ఓపిక, ఎందుకు ఇలా అని అడిగే బుద్ధి, ఈ మూడూ ఉన్న పిల్లలకు ఇది తగిన చదువు. రెండు మూడు భాషలు ఇంటి నుంచే పట్టుబడిన మన పిల్లలకైతే మరీ తగినది. ఇంకొకరు పెట్టే ముద్ద కోసం ఎదురుచూసే మనిషి తన చేత్తో తాను అన్నం తినగలిగేలా చేయడం చిన్న విద్య కాదు.